‘ఎవరూ అడగరులే’ అనే సలహా వినకండి

తెలుగు సాహిత్యం మీద, చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్లు చాలామంది ఇప్పుడు వెబ్ పత్రికలకే రాస్తున్నారు. వ్యాసం ఒక్కటే పెడితే చాలదనిపిస్తుంది. చర్చించిన కథ పక్కనే పూర్తిగా ఉంటే పాఠకుడికి మేలు. తొలి ముద్రణ ముఖచిత్రం, రచయిత ఫొటో, ఆయన మిత్రుడికి రాసిన ఉత్తరం కూడా ఉంటే ఇంకా బాగుంటుంది. ఇలా అనుకున్నది మొదలు సలహాలు వచ్చి పడతాయి. ఇచ్చేవాళ్లు మంచివాళ్లే, మన పని ముందుకు సాగాలనే చెబుతారు. అయినా ఆ సలహాల్లో ఎక్కువ భాగం తప్పు. కొన్ని రచయితకూ ఆయన కుటుంబానికీ అన్యాయం చేస్తాయి. మరికొన్ని మనల్ని ఊరికే భయపెట్టి, హాయిగా వాడుకోదగినవాటికి కూడా దూరం చేస్తాయి. తరచుగా వినబడేవాటిని ఇక్కడ తీసుకుని, తప్పెక్కడుందో, బదులుగా ఏం చేయాలో చెబుతాను. ఇదంతా భారతదేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం. అమెరికా సంగతి రెండుచోట్ల వస్తుంది.

‘కింద సౌజన్యం అని రాసెయ్, సరిపోతుంది.’ అన్నిటికంటే ఎక్కువగా వినబడే సలహా ఇదే. సరిపోదు. ఎక్కడ నుంచి తీసుకున్నామో చెప్పడం పరిశోధకుడి నిజాయితీ. తీసుకోవడానికి హక్కుదారు ఒప్పుకోవడం వేరే విషయం. మూలం చెప్పకపోతే గ్రంథచౌర్యం అంటారు. మూలం చక్కగా చెప్పి, కథ మొత్తాన్ని అనుమతి లేకుండా పెడితే గ్రంథచౌర్యం కాకపోవచ్చు గానీ కాపీరైట్ ఉల్లంఘన అవుతుంది. ‘ఫలానా ఫేస్‌బుక్ పేజీ సౌజన్యంతో’ అని రాసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ పేజీవాళ్లకే హక్కు లేనప్పుడు వాళ్ల సౌజన్యం మనకెందుకు పనికొస్తుంది?

‘పాత పుస్తకమే కదా’ అనే మాటలో సగం నిజముంది కాబట్టే అది ఎక్కువ మందిని తప్పుదారి పట్టిస్తుంది. పాతదా కాదా అన్నది కాగితం రంగు చూసి తేల్చేది కాదు, పుస్తకం మార్కెట్లో దొరక్కపోవడం వల్ల తేలేదీ కాదు. రచయిత ఏ సంవత్సరంలో పోయారో చూసి, ఆ మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. ఒకప్పుడు ఇది 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద హక్కు 1991 చివరికి ముగిసిపోబోతుంటే, అప్పుడు చట్టం మార్చి 60 చేశారు.

ఈ లెక్కన గురజాడ (1915), వీరేశలింగం (1919) ఎప్పుడో అందరివాళ్లయ్యారు. గిడుగు రామమూర్తి 1940లో పోయారు కాబట్టి 50 ఏళ్ల పాత లెక్కలోనే బయటపడ్డారు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన రచనలు 2014 నుంచి అందరివీ. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961, గోపీచంద్ 1962, కాబట్టి వాళ్ల రచనలు వరసగా 2022, 2023 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా దొరుకుతున్నాయి. ఇక్కడి నుంచే జాగ్రత్త పడాలి. జాషువా (1971) రచనల మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ (1976) విషయంలో 2036, చలం (1979) విషయంలో 2039, కొడవటిగంటి కుటుంబరావు (1980) విషయంలో 2040, శ్రీశ్రీ (1983) విషయంలో 2043 ఆఖరిదాకా అనుమతి అడగాల్సిందే. చలం పుస్తకాలు దాదాపు వందేళ్ల నాడు అచ్చయినవి ఉన్నాయి, అయినా లెక్క పుస్తకం వయసుతో కాదు. ఇద్దరు కలిసి రాసిన పుస్తకమైతే చివర పోయినవారి సంవత్సరం చూడాలి. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకు అచ్చయిన ఏడాది నుంచి లెక్క.

పుస్తకం తెరిచి లోపలి పేజీలు చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఒక్క పుస్తకంలో ఒక్క హక్కే ఉండదు. శ్రీపాద కథ మీద హక్కు తీరిపోయింది సరే. అదే కథల సంపుటాన్ని తర్వాతెప్పుడో ఒక ప్రచురణ సంస్థ వేసి, ముఖచిత్రం బాపు చేత గీయించి, ముందుమాట మరొకరి చేత రాయించి ఉంటే, ఆ బొమ్మా ముందుమాటా కథతో పాటు స్వేచ్ఛ పొందవు. బాపు 2014లో పోయారు, ఆయన బొమ్మల మీద హక్కు 2074 చివరిదాకా ఉంటుంది. అందుకే స్కాన్ మొత్తాన్ని ఎత్తి పెట్టకండి. పాత ముద్రణ వెతికి, అందులోని కథ పాఠం మాత్రం తీసుకోండి. అనువాదం సంగతీ ఇంతే. మూలరచన హక్కు తీరినా, అనువాదకుడి హక్కు అనువాదకుడి ఆయుష్షును బట్టే నడుస్తుంది. చెహోవ్ 1904లో పోయినంత మాత్రాన 1990లో వచ్చిన చెహోవ్ తెలుగు అనువాదం ఉచితం కాదు.

అమెరికాలో ఉన్న సర్వర్ మీద, అక్కడి తెలుగువాళ్లు నడిపే పత్రికలో పెడుతుంటే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. 1996 జనవరి 1 నాటికి భారతదేశంలో హక్కు మిగిలివున్న రచనలకు అమెరికా తన చట్టం కింద రక్షణ ఇచ్చింది. అక్కడ ఈ రకం పాత రచనలకు అచ్చయిన ఏడాది నుంచి 95 సంవత్సరాలు. అంటే ఇక్కడ 2022లో స్వేచ్ఛ పొందిన రచయిత పుస్తకం 1950లో తొలిసారి అచ్చయి ఉంటే, అమెరికాలో దాని మీద హక్కు 2045 చివరిదాకా ఉంటుంది. దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదన్నది నిజమే గానీ, సంపాదకులకు తెలిసి ఉండాల్సిన సంగతి.

‘పత్రిక మూతబడింది, ఇంకెవరిని అడుగుతాం?’ 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ప్రారంభించిన ‘భారతి’ పాత సంచికల విషయంలో ఈ మాట ఎక్కువగా వస్తుంది. పత్రిక ఆగిపోతే అందులో రాసినవాళ్ల హక్కులు ఆగిపోవు. సంచిక మొత్తం ఒక వస్తువు కాదు. అందులోని ఒక్కో వ్యాసానికి రచయిత వేరు, ఆయన పోయిన ఏడాది వేరు. బయటి నుంచి వ్యాసం పంపిన రచయిత హక్కును రాసి ఇవ్వకపోతే అది ఆయన దగ్గరే, ఆయన తర్వాత వారసుల దగ్గరే ఉంటుంది. పత్రికలో జీతానికి పనిచేసేవాళ్లు రాసినదాని సంగతి ఇంకా సూక్ష్మం. వేరే ఒప్పందం లేకపోతే పత్రికల్లో వేసుకునే హక్కు యజమానిది, పుస్తకంగా తేవడం వంటి మిగతా హక్కులన్నీ రాసినవారివి. చట్టంలో 17వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతుంది. వెబ్ పత్రిక కూడా పత్రికే కదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. నేనైతే ఇలాంటిచోట ఇద్దరినీ అడగమంటాను.

ఫొటోల విషయంలో జనం అనుకునేది తలకిందులు. ఫొటోలో ఉన్నవారికి ఫొటో మీద హక్కు ఉంటుందనుకుంటారు. అది తీసినవారిది. కానీ కుటుంబం స్టూడియోకు వెళ్లి డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు డబ్బిచ్చి తీయించుకున్నవారిదే. కాబట్టి రచయిత ఫొటో కావాలంటే ముందు ఆ ఇంట్లోనే అడగండి. గోడకు వేలాడే స్టూడియో ఫొటో వార్తాపత్రిక ఫొటో కంటే సులభంగా అనుమతి దొరికేది. ఉత్తరాల దగ్గర మాత్రం జాగ్రత్త. కాగితం అందుకున్నవారిది, అందులోని మాటల మీద హక్కు రాసినవారిది. ‘మా తాతగారికి వచ్చిన ఉత్తరం, వేసుకోండి’ అని మనవడు ఎంతో ఆప్యాయంగా ఇచ్చినా, అచ్చువేయడానికి ఆ మాట చాలదు. రాసినవారి వారసులను కూడా అడగాలి.

‘నెట్‌లో దొరికింది కదా’ అన్నదానికి జవాబు చిన్నదే. దొరకడం వేరు, స్వేచ్ఛగా ఉండటం వేరు. ఇంటర్నెట్ ఆర్కైవ్ పుస్తకాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో అరువిస్తోందని 2020లో నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు న్యూయార్క్‌లో దావా వేశాయి. 2023లో కోర్టు ప్రచురణ సంస్థల పక్షాన తీర్పిచ్చింది, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టూ దాన్నే నిలబెట్టింది. అంత పెద్ద గ్రంథాలయానికే ఆ ప్రశ్న ఎదురైంది. అక్కడ కనబడ్డ తెలుగు పుస్తకాన్ని దించి మన సైట్లో పెట్టేముందు రచయిత పోయిన ఏడాది చూసుకోవడం పెద్ద శ్రమేమీ కాదు. హక్కు తీరని పుస్తకమైతే పేజీలను మన దగ్గర పెట్టకండి. చదివి, మీ మాటల్లో సారాంశం రాసి, ఎక్కడ అచ్చయిందో, ఏ గ్రంథాలయంలో ఉందో చెప్పండి. సమాచారం మీద, ఆలోచన మీద కాపీరైట్ ఉండదు. రాసిన తీరు మీదే ఉంటుంది.

‘పది శాతం దాకా వాడుకోవచ్చు.’ ఈ అంకె ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, పిహెచ్‌డీ చేసేవాళ్లకు గైడ్లే చెబుతుంటారు. కాపీరైట్ చట్టంలో ఎక్కడా అలాంటి అంకె లేదు. 2018లో యూజీసీ గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చినప్పుడు, సిద్ధాంతగ్రంథంలో ఇతర రచనలతో పోలిక పది శాతం లోపుంటే శిక్ష ఉండదని చెప్పింది. బహుశా అక్కడి నుంచే ఈ అంకె ఇటు వచ్చి చేరింది. అది విద్యార్థి నిజాయితీని కొలిచే సాఫ్ట్‌వేర్ లెక్క, ఇతరుల రచన వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. చట్టం అడిగేది ఎంత శాతమని కాదు, ఎందుకు వాడుతున్నారని. విమర్శకో సమీక్షకో అవసరమైనంత మేరకు ఉటంకించడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఒక పద్యం మీద నాలుగు పేజీలు చర్చిస్తూ, ఆ నాలుగు పాదాలనూ ఉటంకించడం న్యాయమే కావచ్చు. అదే నవలలో రెండు శాతమే అయినా, ఏ చర్చా లేకుండా పతాక సన్నివేశాన్ని అలంకారంగా పెట్టడం న్యాయం కాకపోవచ్చు. ఉటంకింపు తర్వాత దాని గురించి మీరేం చెబుతున్నారో చూసుకోండి. ఏమీ చెప్పకపోతే, ఆ ఉటంకింపు అక్కడ ఎందుకుందో ఆలోచించండి.

‘మనం డబ్బు చేసుకోవట్లేదుగా, చదువు కోసమేగా’ అనేవాళ్లు ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ కేసును ఆధారంగా చూపుతారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీద వేసిన దావాలో 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షం వహించింది. నాకు ఆ తీర్పు అంటే గౌరవం. పేద విద్యార్థికి అది నిజంగా అండ. కానీ అది చెప్పిందేమిటి? బోధనలో భాగంగా, పాఠ్యప్రణాళికలో ఉన్న పాఠాలను తరగతి విద్యార్థుల కోసం జిరాక్స్ తీయడం గురించి చెప్పింది. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడగలిగే వెబ్ పేజీ తరగతి గది కాదు. చదువుకోవడానికి సొంతంగా ఒక ప్రతి తీసుకోవడానికీ, దాన్ని లోకమంతటికీ అందుబాటులో పెట్టడానికీ చట్టం దృష్టిలో పెద్ద తేడా ఉంది. లాభం లేకపోవడం నేరాన్ని మాపదు. 63వ సెక్షన్ కింద శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. వ్యాపారం కోసం చేయలేదని తేలితే శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంటుందంతే. సిద్ధాంతగ్రంథం కథ కూడా ఇదే. టైపు చేసి బైండు చేయించి యూనివర్సిటీ లైబ్రరీలో పెట్టిన రోజుల్లో లోపల అతికించిన బొమ్మల సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడది శోధగంగ అనే ఆన్‌లైన్ సిద్ధాంతగ్రంథాల నిధిలోకి ఎక్కుతుంది, అందరికీ కనబడుతుంది. అందుకే బొమ్మలకు అనుమతి పని మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి. సమర్పించే వారంలో కాదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా: ‘వాళ్లబ్బాయి ఫోన్లో సరేనన్నాడు, చాలు.’ చాలదనడానికి కారణాలు రెండు. వారసులు నలుగురుంటే హక్కు నలుగురిదీ. పైగా మన రచయితలు చాలామంది ఆ రోజుల్లో కాపీరైటునే ప్రచురణకర్తలకు అమ్ముకున్నారు. అలాంటిచోట కొడుకు ఎంత ప్రేమగా ఒప్పుకున్నా, హక్కు ఆయన చేతిలో లేదు. ప్రచురణకర్తను ఒక్కరినే అడిగినా పొరపడే వీలుంది. ఒక్క ముద్రణకే హక్కిచ్చిన రచయితలూ ఉన్నారు. 1994 సవరణ తర్వాత రాసుకున్న ఒప్పందంలో కాలం రాయకపోతే అది ఐదేళ్లకే చెల్లుతుంది. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఆ హక్కు వెళ్లదని 2012 సవరణ చెప్పింది. వెబ్ ప్రచురణ హక్కు ఎవరిదో తేల్చుకోకుండా అనుమతి తీసుకున్నామనుకోవద్దు. అనుమతి రాతలో ఉండాలి. ఈమెయిల్ చాలు, ఎలక్ట్రానిక్ రాత కూడా రాతే.

ఉత్తరం ఎలా ఉండాలో ఒక నమూనా:

‘నమస్కారం. మీ నాన్నగారి ఫలానా కథను, 1962 మొదటి ముద్రణలో 45 నుంచి 58 పేజీల్లో ఉన్న పాఠం ప్రకారం, మా వెబ్ పత్రికలో పూర్తిగా ప్రచురించాలనుకుంటున్నాం. దాని పక్కన ఆ కథ మీద నేను రాసిన వ్యాసం ఉంటుంది. పత్రికను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, కథ అక్కడ శాశ్వతంగా ఉంటుంది. పాఠంలో ఏ మార్పూ చేయం. అచ్చుతప్పు అనిపించినవి కింద విడిగా చూపిస్తాం. పుస్తకంగా వేయాలనుకుంటే మళ్లీ అడుగుతాం. హక్కుదారుల పేరు మీరు చెప్పినట్టే వేస్తాం. ఈ కథ హక్కులు మీతో పాటు ఇంకెవరికైనా ఉన్నా, ఏ ప్రచురణకర్తకైనా ఇచ్చి ఉన్నా దయచేసి తెలియజేయండి. మీరేమైనా పారితోషికం ఆశిస్తే అదీ రాయండి.’

ఇందులో ఒక్క వాక్యం కూడా మర్యాదకోసం పెట్టినది కాదు. ముద్రణ, పేజీలు రాయడం వల్ల ఏ పాఠమో తేలుతుంది. శాశ్వతంగా అని రాయకపోతే రేపు సైటు మారినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. ఇంకెవరికైనా ఉన్నా అని అడగడం వల్ల అక్కయ్య పేరో, పాత ప్రచురణకర్త చిరునామానో బయటపడుతుంది. ఇలా అడిగినప్పుడు చాలాసార్లు అనుమతి కంటే ఎక్కువే దొరుకుతుంది. రచయిత సొంత ప్రతిలో చేతిరాతతో దిద్దుకున్న పేజీ, అచ్చుకాని మరో రూపం, తేదీ లేని కథకు తేదీ. అనుమతి అడగడం పరిశోధనకు అడ్డుపడే ఆఫీసు పని కాదని, పరిశోధనలోనే ఒక భాగమని నేను నమ్మేది ఇందుకే.

‘వెతికాం, దొరకలేదు అని రాసేస్తే సరి’ అనేవాళ్లకు ఒకటే మాట. ఎక్కడెక్కడ వెతికారు? ఏ ప్రచురణకర్తకు ఎప్పుడు రాశారు? జవాబులు మీ దగ్గర తేదీలతో ఉంటే ఆ వాక్యానికి విలువ ఉంటుంది. చట్టం దీనికి 31ఎ సెక్షన్ కింద ఒక దారి పెట్టింది. రచయిత పోయి లేదా ఆచూకీ లేక, హక్కుదారు దొరకనప్పుడు, పత్రికలో ప్రకటన ఇచ్చి లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక్క కథ కోసం ఎవరూ అంత దూరం వెళ్లలేరని నాకు తెలుసు. చిన్న పరిశోధకులకు అందేలా ఆ దారిని సులభం చేయాల్సిన అవసరం ఎంతైనా ఉంది. అది జరిగేదాకా పాఠం మొత్తం పెట్టకుండా, దాని గురించి రాసి, చర్చకు కావలసినంతే ఉటంకించండి.

‘నా వ్యాసమే కదా, నేనెక్కడైనా పెట్టుకుంటా.’ పరిశోధన పత్రికలో ప్రచురించేటప్పుడు కాపీరైట్ బదిలీ పత్రం మీద సంతకం పెట్టి ఉంటే, అది ఇక పూర్తిగా మీది కాకపోవచ్చు. చాలా పత్రికలు తుది పీడీఎఫ్ పెట్టనివ్వవు. ఎడిటర్ ఆమోదించిన రాతప్రతిని మాత్రం సంస్థ రిపాజిటరీలో పెట్టుకోనిస్తాయి, కొన్ని ఏడాదో రెండేళ్లో ఆగమంటాయి. ఏ పత్రిక ఏమంటుందో ఒకప్పుడు షెర్పా రోమియో అనే పేరుతో ఉన్న ‘ఓపెన్ పాలసీ ఫైండర్’ సైటులో ఉచితంగా చూడవచ్చు.

‘దేనికైనా అనుమతి అడుగు, ఎందుకొచ్చిన గొడవ’ అని ఎదురు దారి పట్టించేవాళ్లూ ఉన్నారు. ఇదీ తప్పే, దీనివల్ల నష్టం తక్కువేమీ కాదు. గురజాడ రచన కోసం ఎవరినీ అడగనక్కర్లేదు. ఇటీవలి ముద్రణ లోపలి పేజీలో సర్వహక్కులూ మావే అని ఉన్నా, ఆ హక్కు వాళ్ల ముందుమాటకూ నోట్సుకూ మాత్రమే, గురజాడ మాటలకు కాదు. కోర్టు తీర్పుల పాఠానికి అనుమతి అక్కర్లేదు, వ్యాఖ్యానంతోనో సొంత రచనతోనో కలిపి వేస్తే చట్టాల పాఠానికీ అక్కర్లేదు. విమర్శ కోసం ఒక పేరా ఉటంకించేటప్పుడు అడిగితే, ‘మాకు నచ్చేలా రాస్తేనే ఇస్తాం’ అనే అవకాశం ఎదుటివారికి మనమే ఇచ్చినట్టవుతుంది. విమర్శకుడికి అది తగదు.

విదేశీ ప్రచురణకర్తల దగ్గర బొమ్మకో పటానికో అనుమతి తీసుకునేవాళ్లకు చివరిగా ఒకటి. వాళ్ల ఫారంలో ఎన్ని ప్రతులు వేస్తారు, ఏ భూభాగంలో అని అచ్చు లెక్కలే అడుగుతారు. ‘ఎంతో కొంత అంకె వేసెయ్’ అనే సలహా వినకండి. ఇది ఉచిత ఆన్‌లైన్ ప్రచురణ అని, ప్రపంచమంతా చూస్తుందని స్పష్టంగా రాయండి. ఇచ్చిన లైసెన్సు కాలపరిమితితో వస్తే, సాధ్యమైతే శాశ్వతంగా మార్చమని అడగండి. మార్చనంటే గడువు తేదీని పత్రిక సంపాదకుల దగ్గర, మీ దగ్గర, బొమ్మ ఫైలు పేరులోనూ రాసిపెట్టండి. వ్యాసాన్ని కూడా ఆ బొమ్మ తీసేసినా అర్థమయ్యేలా రాయండి.